ఖాళీ సీటుకు చెల్లించే సొమ్ము: ఖర్చులో వాటానా, కిరాయా?

ఎల్బీనగర్‌లో ఉదయం ఎనిమిదింటికి బయలుదేరి నానక్‌రామ్‌గూడలోని ఆఫీసుకు వెళ్లే ఒక ఉద్యోగి, తన కారులో మూడు సీట్లు ఖాళీగా ఉన్నాయని ముందురోజు రాత్రే ఫోన్‌లోని యాప్‌లో తెలియజేశాడనుకుందాం. తెల్లవారేసరికి ఒకరు దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒకరు మలక్‌పేటలో, మరొకరు మెహిదీపట్నంలో ఎక్కుతామని ఒప్పుకుంటారు. ఆ ముగ్గురిలో ఏ ఒక్కరూ అతనికి పరిచయస్తులు కారు. గమ్యం చేరాక ఒక్కొక్కరి ఖాతా నుంచి సగటున తొంభై రూపాయలు అతని ఖాతాలోకి వెళతాయి. ఎలాగూ వెళ్లే బండిలో మరో ముగ్గురు వెళ్లారు, పెట్రోలు ఖర్చు పంచుకున్నారు, రోడ్డు మీద రెండు మూడు బళ్లు తగ్గాయి. దీనినే కార్‌పూలింగ్ అంటారు. చూడటానికి ఇంతకన్నా నిరపాయకరమైన ఏర్పాటు మరొకటి ఉండదు. అయితే ఆ తొంభై రూపాయలను ఏ పేరుతో పిలవాలన్న ప్రశ్న దగ్గర మోటారు వాహనాల చట్టం, బీమా ఒప్పందం, టాక్సీ డ్రైవర్ల బతుకుతెరువు, ప్రయాణికుల భద్రత అన్నీ ఒకేసారి చిక్కుపడతాయి. దానిని ఖర్చులో వాటా అంటే ఒక ఫలితం, కిరాయి అంటే పూర్తిగా వేరొక ఫలితం. మన దేశంలో ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో చట్టం స్పష్టంగా చెప్పకపోవడమే ఈ చిక్కంతటికీ మూలమని నా అభిప్రాయం.

ముక్కూ మొహం తెలియనివారితో కలిసి ప్రయాణించడం మనకు కొత్తేమీ కాదు. ఏ మండల కేంద్రంలో చూసినా షేర్ ఆటో నిండితే గానీ కదలదు. పల్లె నుంచి పట్నానికి వెళ్లే జీపులో పక్కన కూర్చున్నది ఎవరని ఎవరూ ఆరా తీయరు. అక్కడ నడిపేవాడికి అది జీవనోపాధి, ఎక్కినవాడు ప్రయాణికుడు, ఇచ్చేది కిరాయి. ఈ విషయంలో ఎవరికీ సందేహం లేదు. కార్‌పూలింగ్‌లో మారిపోయింది నడిపేవాడి స్థానం. అతను కూడా ప్రయాణికుడే, ఎవరూ ఎక్కకపోయినా అదే దారిలో అదే సమయానికి వెళ్లవలసినవాడే. క్విక్ రైడ్ వంటి యాప్‌లు నగరంలో ఆఫీసు ప్రయాణాలకు, 2015లో మన దేశానికి వచ్చిన ఫ్రెంచి సంస్థ బ్లాబ్లాకార్ ప్రధానంగా ఊరి నుంచి ఊరికి వెళ్లే ప్రయాణాలకు ఇదే సూత్రాన్ని ఆధారం చేసుకున్నాయి.

దీనినీ, కొన్నేళ్ల కిందట క్యాబ్ కంపెనీలు అందించిన ఊబర్ పూల్, ఓలా షేర్ సేవలనూ కలిపి చూడటం వల్ల చాలా గందరగోళం పుడుతోంది. ఆ సేవల్లో కారుకు కిరాయి బళ్లకు వేసే పసుపు నంబరు ప్లేటు ఉండేది, నడిపేది వృత్తి డ్రైవరు, పంచుకున్నది ప్రయాణికులు ప్రయాణికులు మాత్రమే. వాటికీ చట్టపరమైన ఇబ్బంది తప్పలేదు. క్యాబ్‌లకు ఇచ్చే కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్ ప్రకారం బండి మొత్తాన్ని ఒక ఒప్పందం కింద మాట్లాడుకోవాలే తప్ప, దారి పొడవునా విడివిడిగా ప్రయాణికులను ఎక్కించుకుంటూ దించుకుంటూ పోకూడదని కర్ణాటక రవాణా శాఖ 2017లో అభ్యంతరం చెప్పింది. 2020 మార్చిలో కరోనా కారణంగా ఆ సేవలు నిలిచిపోయాయి. పసుపు ప్లేటు ఉన్న కారుకే సీట్లవారీగా పంచడం అంత తేలిక కానప్పుడు, సొంత వాడకానికి నమోదైన తెల్ల ప్లేటు కారు సంగతి మరింత జటిలంగా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

మోటారు వాహనాల చట్టం, 1988, కిరాయికి గానీ ప్రతిఫలానికి గానీ ప్రయాణికులను తీసుకువెళ్లడానికి వాడే ఏ మోటారు వాహనాన్నయినా ప్రజా సేవా వాహనంగా నిర్వచిస్తుంది. అలాంటి వాహనానికి 66వ సెక్షన్ ప్రకారం పర్మిట్ ఉండాలి. పర్మిట్ లేకుండా నడిపితే 192ఎ సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, మొదటి తప్పుకే పది వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు శిక్ష విధించే వీలుంది. ఇక్కడ గమనించవలసినది ‘ప్రతిఫలం’ అన్న మాట విస్తృతి. లాభం వచ్చిందా లేదా అని ఆ మాట అడగదు. డబ్బు చేతులు మారిందా అన్న ప్రశ్నతోనే ఆగిపోయేలా దానిని చదవవచ్చు. అలా చదివితే, పెట్రోలుకు వంద రూపాయలిచ్చిన సహోద్యోగి కూడా కారు యజమానిని పర్మిట్ లేని టాక్సీవాలాగా మార్చేస్తాడు. నిజ జీవితంలో ఆర్టీఏ అధికారులు స్నేహితులను ఆపి ఈ ప్రశ్న వేయరు. కానీ యాప్ ఉన్నచోట ప్రతి ప్రయాణానికీ తేదీ, సమయం, దూరం, చెల్లింపు లెక్కలన్నీ నమోదై ఉంటాయి కనుక, అదే పని కంటికి కనిపించే సాక్ష్యంగా మారుతుంది.

ఖర్చు అన్న మాటకు అర్థం ఏమిటో కూడా లెక్క వేసి చూడవలసిందే. ఎల్బీనగర్ ఉదాహరణలో దూరం సుమారు 30 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు రెండు లీటర్ల పెట్రోలు పడుతుంది. లీటరు 107 రూపాయల చొప్పున 214 రూపాయలు. ముగ్గురి నుంచి వచ్చిన 270 రూపాయలు ఆ పెట్రోలు ఖర్చును దాటాయి కనుక, మిగిలిన 56 రూపాయలు లాభమేనని ఒకరు వాదించవచ్చు. అయితే కారుకు అయ్యే ఖర్చు పెట్రోలు ఒక్కటే కాదు. పది లక్షలకు కొన్న కారు లక్ష కిలోమీటర్లు తిరిగాక మూడు లక్షలకు అమ్ముడుపోతుందనుకుంటే, కిలోమీటరుకు ఏడు రూపాయల విలువ తరిగిపోతున్నట్టు. టైర్లు, సర్వీసింగ్, బీమా ప్రీమియం కలిపి మరో రెండు రూపాయలు వేసుకుంటే, ఆ ఒక్క ప్రయాణం అసలు ఖర్చు 484 రూపాయలకు చేరుతుంది. నలుగురూ సమంగా పంచుకుంటే ఒక్కొక్కరికి 121 రూపాయలు పడాలి. తొంభై తీసుకున్న యజమాని లాభపడలేదు సరికదా, తన వాటా కన్నా ఎక్కువే భరించాడు.

ఇంతటితో తేలిపోయిందనుకోవడానికి వీల్లేదు. అదే యజమాని, అదే ధరకు, ఆఫీసు పని ఏమీ లేకుండా రోజుకు ఆరుసార్లు ఎల్బీనగర్ నుంచి నానక్‌రామ్‌గూడకు తిరిగితే కిలోమీటరు లెక్కలో మార్పు ఉండదు, కానీ అతను చేస్తున్నది నిస్సందేహంగా టాక్సీ నడపడమే. అందువల్ల డబ్బు ఎంత తీసుకున్నారన్నది ఒక్కటే కొలమానం కాలేదు. ఆ ప్రయాణం ఎవరి అవసరం కోసం జరిగిందన్నది రెండో కొలమానం. ఈ రెండింటినీ కలిపి చూసినప్పుడే వాటాకూ కిరాయికీ తేడా తెలుస్తుంది.

ఫ్రాన్స్ 2015లో తెచ్చిన ఇంధన పరివర్తన చట్టంలో సరిగ్గా ఈ పనే చేసింది. డ్రైవరు తన సొంత అవసరానికి చేసే ప్రయాణంలో, ఖర్చులు పంచుకోవడం తప్ప మరే ప్రతిఫలమూ లేకుండా, ఇతరులను తీసుకువెళ్లడమే కార్‌పూలింగ్ అని ఒక్క వాక్యంలో నిర్వచించింది. బ్రిటన్ అంతకన్నా చాలా ముందే, 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం 150వ సెక్షన్‌లో, బీమా కోణం నుంచి ఈ ముడి విప్పింది. కారులో ఎనిమిది మందికి మించి ప్రయాణికులకు చోటు ఉండకూడదు, వసూలైన మొత్తం ఆ ప్రయాణానికి బండి నడపడానికైన ఖర్చును దాటకూడదు, డబ్బు సంగతి బయలుదేరక ముందే మాట్లాడుకుని ఉండాలి. ఈ మూడు షరతులూ నెరవేరితే, సొంత అవసరాలకు తీసుకున్న బీమా యథాతథంగా చెల్లుతుంది. బండి నడిపే ఖర్చులో వాహనం అరుగుదల, తరుగుదల కూడా చేరతాయని ఆ సెక్షన్ విడమరచి చెప్పింది. మోటారు సైకిలును మాత్రం ఈ వెసులుబాటు నుంచి మినహాయించింది. మన మోటారు వాహనాల చట్టం కూడా అదే 1988లో పుట్టింది. అటువంటి ఒక్క సెక్షన్ ఇందులోనూ ఉండి ఉంటే, ఈ రోజు బెంగళూరులోనూ హైదరాబాదులోనూ లక్షలాది ఉద్యోగుల ప్రయాణం ఇంత సందిగ్ధంలో ఉండేది కాదు.

మన దగ్గర కేంద్ర ప్రభుత్వం 2020 నవంబరులో విడుదల చేసిన మోటారు వాహనాల అగ్రిగేటర్ (యాప్ ద్వారా ప్రయాణికులనూ బళ్లనూ కలిపే సంస్థ) మార్గదర్శకాలు ఈ వైపు ఒక అడుగు వేశాయి. రాష్ట్ర ప్రభుత్వం నిషేధించని పక్షంలో, రవాణా కేటగిరీ కాని, అంటే తెల్ల ప్లేటు వాహనాల్లో యాప్‌ల ద్వారా పూలింగ్‌ను అనుమతించవచ్చని అవి చెప్పాయి. ఒక వాహనం నగరం లోపల రోజుకు నాలుగు ప్రయాణాలు, నగరాల మధ్య వారానికి రెండు ప్రయాణాలు మించకూడదని, ఎక్కినవారికి కనీసం ఐదు లక్షల రూపాయల బీమా ఉండాలని, మహిళలు కోరుకుంటే మహిళలతోనే ప్రయాణించే వీలు యాప్‌లో కల్పించాలని షరతులు పెట్టాయి. ప్రయాణం ఎవరి అవసరమని అడగకుండా, ఎన్నిసార్లు తిరిగారని లెక్కపెట్టడం ఇందులోని పద్ధతి. ఇది మోటు కొలత అనే చెప్పాలి. ఆఫీసుకు వెళ్లి వచ్చేవాడికి రెండు ప్రయాణాలు చాలు, నాలుగు ఎందుకన్న ప్రశ్నకు ఇందులో జవాబు లేదు. అయినా తనిఖీకి లొంగే కొలత ఇదే కనుక, దానిని తీసిపారేయలేము. అసలు లోపం వేరే ఉంది. ఇవి మార్గదర్శకాలు మాత్రమే. లైసెన్సులు ఇచ్చే అధికారం రాష్ట్రాలది, వీటిని అనుసరించాలా వద్దా అన్నదీ రాష్ట్రాల ఇష్టమే.

ఫలితంగా ఒక్కో రాష్ట్రం ఒక్కో దారి పట్టింది, ఒకే రాష్ట్రం రెండు దారులూ తొక్కిన సందర్భమూ ఉంది. మహారాష్ట్ర ప్రభుత్వం 2023 జనవరిలో రవాణాయేతర వాహనాల పూలింగ్‌ను నిషేధించి, 2025లో షరతులతో కార్‌పూలింగ్‌ను అనుమతించే విధానానికి మళ్లింది. కర్ణాటకలో 2023లో టాక్సీ సంఘాల ఆందోళనల తర్వాత, తెల్ల ప్లేటు కార్లను అనుమతి లేకుండా యాప్‌ల ద్వారా నడపడం చట్టవిరుద్ధమన్న వాదనను రవాణా శాఖ ముందుకు తెచ్చింది. ట్రాఫిక్‌తో సతమతమయ్యే నగరంలో కార్‌పూలింగ్‌ను అడ్డుకోవడమేమిటని ఉద్యోగులు అంతే గట్టిగా అడిగారు. 2025 జులైలో కేంద్రం కొత్త మార్గదర్శకాలు విడుదల చేస్తూ, రాష్ట్రాలు అంగీకరిస్తే తెల్ల ప్లేటు మోటారు సైకిళ్లను కూడా అగ్రిగేటర్ల ద్వారా ప్రయాణికులకు వాడవచ్చని చెప్పింది. బ్రిటన్ చట్టం సరిగ్గా మినహాయించిన వాహనానికే ఇక్కడ తలుపు తెరుచుకుంది.

టాక్సీ డ్రైవర్ల అభ్యంతరాన్ని స్వార్థమని కొట్టిపారేయడం న్యాయం కాదు. పసుపు ప్లేటు బండి తిప్పాలంటే పర్మిట్ కావాలి, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి, రవాణా వాహనాల పన్ను కట్టాలి, సొంత కారు కన్నా ఎక్కువ బీమా ప్రీమియం చెల్లించాలి, ప్రయాణికుల భద్రత కోసం జీపీఎస్ పరికరం, పానిక్ బటన్ అమర్చుకోవాలి. వీటిలో ఏదీ లేని తెల్ల ప్లేటు కారు, కార్‌పూలింగ్ అన్న పేరుతో అదే దారిలో తక్కువ ధరకు ప్రయాణికులను తీసుకుపోతే, నిబంధన పాటించినవాడే నష్టపోతాడు. యాప్‌లో నమోదైన కార్లలో నిజంగా ఆఫీసుకు వెళ్లేవి ఎన్ని, రోజంతా తిరిగేవి ఎన్ని అన్నది తేల్చగల సమాచారం కంపెనీల దగ్గరే ఉంది. ఆ సమాచారం ఆధారంగా రోజంతా తిరిగే బళ్లను యాప్ నుంచి తొలగించే బాధ్యత కంపెనీ మీద పెడితే, డ్రైవర్ల సంఘాల అభ్యంతరంలో సగానికి పైగా సమాధానం దొరుకుతుంది.

ఎక్కేవారికి అన్నిటికన్నా ముఖ్యమైనది, అయినా అతి తక్కువమందికి తెలిసినది, బీమా సంగతి. మన దేశంలో సొంత కారు పాలసీ పత్రంలో వాహనం వాడకంపై పరిమితులు అన్న శీర్షిక కింద, కిరాయికి లేదా ప్రతిఫలానికి వాడితే పాలసీ వర్తించదన్న షరతు అచ్చు వేసి ఉంటుంది. అది చదివినవారు అరుదు. డబ్బు తీసుకోకుండా లిఫ్ట్ ఇచ్చినప్పుడు పరిస్థితి ఏమిటన్న దానికే తేలికైన జవాబు లేదు. బయటివారికి జరిగే నష్టానికే వర్తించే థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే, బండి మీద ఉచితంగా ఎక్కినవారికి దాని కింద రక్షణ లేదని సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులో చెప్పింది. సొంత బండి నష్టానికీ వర్తించే సమగ్ర పాలసీలో మాత్రం కారులో కూర్చున్నవారూ, ద్విచక్ర వాహనం వెనక సీటులో కూర్చున్నవారూ చేరతారని బీమా నియంత్రణ సంస్థ 2009 నవంబరులో కంపెనీలకు స్పష్టం చేసింది. 2012లో బాలకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్నే ఆధారం చేసుకుంది. అంటే మొదట తెలుసుకోవలసినది, మనం ఎక్కే కారుకు ఏ రకం పాలసీ ఉందన్నది. మన రోడ్ల మీద థర్డ్ పార్టీ పాలసీతోనే తిరిగే పాత కార్లకు కొదవ లేదు.

ఇప్పుడు తొంభై రూపాయలను మళ్లీ లెక్కలోకి తెచ్చుకుందాం. సమగ్ర పాలసీ ఉన్న కారులో ఉచితంగా ఎక్కినవారికి ప్రమాదం జరిగితే పరిహారానికి బలమైన ఆధారం ఉంది. అదే కారులో అదే సీటులో కూర్చుని తొంభై రూపాయలు చెల్లించినవారి విషయంలో, ఇది కిరాయి వాడకం, పాలసీ షరతు ఉల్లంఘన అని వాదించే అవకాశం కంపెనీకి చిక్కుతుంది. పర్మిట్ లేని బండిని కిరాయికి తిప్పినప్పుడు బాధ్యత తప్పించుకునే వాదనను చట్టమే బీమా కంపెనీలకు ఇచ్చింది. ఆ వాదన ప్రతిసారీ నెగ్గుతుందని కాదు. షరతు ఉల్లంఘన జరిగిన అనేక రకాల కేసుల్లో, ముందు బాధితుడికి పరిహారం చెల్లించి ఆ మొత్తాన్ని తర్వాత వాహన యజమాని నుంచి వసూలు చేసుకోమని కోర్టులు కంపెనీలను ఆదేశించాయి. అలా జరిగితే ఎక్కినవారి కుటుంబం గట్టెక్కుతుంది కానీ, పెట్రోలు ఖర్చు కలిసొస్తుందని నలుగురిని ఎక్కించుకున్న మధ్యతరగతి ఉద్యోగి మీద లక్షల రూపాయల భారం పడుతుంది. డబ్బు ఇవ్వడం వల్ల ప్రయాణికుడి రక్షణ పెరగాల్సింది పోయి సందేహంలో పడటం ఏ కోణం నుంచి చూసినా అసంబద్ధం. కొన్ని యాప్‌లు తమ తరఫున ప్రయాణ బీమా కల్పిస్తాయి. దాని మొత్తం ఎంత, దేనికి వర్తిస్తుంది అన్నది యాప్ నిబంధనల్లో వెతికి చదివి తీరాలి. యజమానికి తప్పనిసరిగా ఉండే 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా అతనికే వర్తిస్తుంది, పక్కన కూర్చున్నవారికి కాదు.

చట్టం, బీమా సవ్యంగా ఉన్నా ఈ ఏర్పాటు దానంతట అదే నిలబడదు. పొత్తు కుదరడం పైకి కనిపించినంత సులభం కాదు. ఒక నగరంలో వెయ్యి మంది యాప్‌లో ఉన్నారని ఊహించండి. వారిలో మన దారిలో వెళ్లేవారు ఇరవై మందిలో ఒకరు అనుకుంటే యాభై మంది మిగులుతారు. మన సమయానికి పావుగంట అటూ ఇటూగా బయలుదేరేవారు ఆ యాభైలో ఎనిమిది మంది. వారానికి మూడు రోజులే ఆఫీసు, మిగతా రోజులు ఇంటి నుంచే పని అన్న పద్ధతి వచ్చాక, ఏదో ఒక రోజున వీరిలో నలుగురైదుగురే రోడ్డెక్కుతారు. వారిలో కొందరు సీటు ఇచ్చేవారు, కొందరు సీటు వెతికేవారు. ఇవి ఊహించి వేసిన అంకెలే అయినా, కొత్తగా చేరినవారు మొదటి వారంలో ఎవరూ దొరక్క యాప్‌ను తీసేయడానికి కారణం ఇదే. వాడేవారి సంఖ్య రెట్టింపైతే జతలు కుదిరే అవకాశాలు దాదాపు నాలుగింతలవుతాయి కనుక, హైటెక్ సిటీ, గచ్చిబౌలి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ లాంటి దట్టమైన చోట్ల కార్‌పూలింగ్ కుదురుకుంటుంది, పలుచని చోట్ల మొలకెత్తకుండానే ఎండిపోతుంది. ఉదయం కన్నా సాయంత్రం మరీ కష్టం. ఆఫీసు మొదలయ్యే సమయం అందరికీ తెలుసు, మీటింగ్ ముగిసే సమయం ఎవరికీ తెలియదు. ఉదయం ఎక్కిన కారు సాయంత్రం దొరకకపోతే ఇంటికి చేరేది ఎలాగన్న భయం ఉన్నంతకాలం, ఎవరూ తమ బండిని ఇంటి దగ్గర వదిలి రారు. రాయదుర్గం దాకా మెట్రో, ఆ పైన సిటీ బస్సు ఆ భయానికి విరుగుడు. అందువల్ల కార్‌పూలింగ్ ప్రజా రవాణాకు ప్రత్యామ్నాయం కాదు, దాని మీద ఆనుకుని బతికేది.

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఆలోచింపజేసే ఉదాహరణ అమెరికాలోని వాషింగ్టన్ శివార్లది. ఉత్తర వర్జీనియా నుంచి రాజధానికి వెళ్లే హైవే మీద 1970ల నుంచి చాలాకాలం పాటు, కనీసం ఇంతమంది ఉన్న కార్లకే ప్రవేశమన్న ప్రత్యేక వరుసలు ఉండేవి. అంతమంది ఉంటే గానీ ఆ వరుసలోకి అనుమతి లేకపోవడంతో, ఒంటరిగా వెళ్లే డ్రైవర్లు పార్కింగ్ స్థలాల దగ్గర వరుసలో నిలబడిన అపరిచితులను ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. యాప్ లేదు, రేటింగ్ లేదు, నమోదు లేదు, ఎవరూ ఎవరికీ ఒక్క డాలరు ఇవ్వరు. దశాబ్దాలపాటు ఆ అలవాటు కొనసాగింది. మరోవైపు అమెరికా మొత్తం మీద 1980 జనగణనలో దాదాపు 20 శాతం ఉద్యోగులు కార్‌పూలింగ్ చేస్తుండగా, కరోనాకు ముందు నాటికే అది 9 శాతం దరిదాపులకు పడిపోయింది; ఈ పతనం స్మార్ట్‌ఫోన్లు లేనప్పుడు మొదలై, వచ్చాక కూడా ఆగలేదు. చమురు సంక్షోభాల నాటి పెట్రోలు కొరత తీరిపోయాక, జత కలవడానికి ఉన్న అక్కర కూడా చాలామందికి తీరిపోయింది. వర్జీనియాలో మాత్రం డ్రైవరుకు ప్రతి ఉదయం కచ్చితంగా దక్కే ప్రతిఫలం ఉంది, అది కాలం.

ఇక్కడే మన చిక్కుకు ఒక విరుగుడు కనిపిస్తుంది. వర్జీనియా డ్రైవరు అరగంట సంపాదించుకున్నాడు, ఎక్కినవాడు బస్సు టికెట్ మిగుల్చుకున్నాడు, చేతులు మారిన సొమ్ము లేదు. డబ్బే లేనప్పుడు వాటానా కిరాయా అన్న ప్రశ్న పుట్టదు, టాక్సీ డ్రైవరు కడుపు మీద దెబ్బ పడే అవకాశమూ తగ్గుతుంది, ఎందుకంటే ఆ పద్ధతిలో రోజంతా తిరిగి ఎవరూ పొట్ట పోసుకోలేరు. మన నగరాల్లో సీటు ఇచ్చేవారికి డబ్బు తప్ప మరో ప్రయోజనం చూపలేదు కాబట్టే, ప్రతి సీటూ చివరికి రూపాయల లెక్కకు వచ్చి ఆగుతోంది. హైదరాబాదు ఇరుకు రోడ్ల మీద ప్రత్యేక వరుస గీయడం అసాధ్యమనే వాదనతో నేను చాలావరకు ఏకీభవిస్తాను; బస్సులకే ప్రత్యేక వరుస ఇవ్వలేని చోట కార్లకు ఇవ్వడం సబబు కూడా కాదు. కానీ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద నలుగురున్న కారుకు టోల్‌లో రాయితీ ఇవ్వవచ్చు. 2023లో ఆ టోల్ వసూలును ప్రైవేటు సంస్థకు ముప్పై ఏళ్లకు లీజుకు ఇచ్చేశారు కనుక, ఆ రాయితీ భారం ఎవరు మోయాలో ముందు తేల్చుకోవలసి ఉంటుంది. అంతకన్నా తేలికైన దారి ఐటీ పార్కుల చేతిలోనే ఉంది. లిఫ్ట్‌కు దగ్గరగా ఉన్న పార్కింగ్ చోట్లను ముగ్గురు అంతకు మించి వచ్చిన కార్లకు కేటాయిస్తే, దానికి ఏ ప్రభుత్వ అనుమతీ అవసరం లేదు.

రోడ్డు మీద రద్దీ తగ్గుతుందన్న వాగ్దానాన్ని కూడా కాస్త జాగ్రత్తగా పరిశీలించాలి. మన ఉదాహరణలో ఎక్కిన ముగ్గురూ లేకపోతే తమ సొంత కార్లలో వెళ్లేవారే అయితే మూడు కార్లు తగ్గినట్టు. వారు మెట్రోలో వెళ్లేవారైతే ఒక్క కారు కూడా తగ్గలేదు. పైగా కారు ఖర్చు తేలికైంది కనుక, రేపు మెట్రోకు మారదామనుకున్న యజమాని కూడా కారులోనే ఉండిపోవచ్చు. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ దాకా మెట్రో ఉంది, అమీర్‌పేటలో మారితే రాయదుర్గం చేరవచ్చు. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ సాధారణ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఇన్ని సౌకర్యాలున్న దారుల్లో కార్‌పూలింగ్ ఎవరిని ఎక్కడి నుంచి లాక్కుంటోందో చూడకుండా, ఎన్ని ప్రయాణాలు జరిగాయన్న అంకెను బట్టి కాలుష్యం ఎంత తగ్గిందో ప్రకటించడం సరైన లెక్క కాదు. మెట్రోకు దూరంగా ఉన్న కొంపల్లి, బాచుపల్లి, పటాన్‌చెరు వైపు ప్రాంతాల్లో ఒక్కో కారులో ఒక్కరే వెళ్లే చోట మాత్రం దీని మేలు కచ్చితమైనది, అక్కడే దీనిని ముందుగా ప్రోత్సహించాలి.

అపరిచితుల మీద నమ్మకం గురించి మాట్లాడేటప్పుడు అందరూ యాప్‌లోని నక్షత్రాల రేటింగ్‌ను చూపిస్తారు. నా అంచనాలో దానికి ఉన్న బలం తక్కువ. మళ్లీ రేపు అదే మనిషితో వెళ్లవలసినవారు, అందునా పక్క బిల్డింగ్‌లో పనిచేసేవారు, తక్కువ మార్కులు వేయడానికి మొహమాటపడతారు. ఆఫీసు ఈమెయిల్ ద్వారా ఉద్యోగి గుర్తింపును నిర్ధారించే పద్ధతి దానికన్నా గట్టిది, ఎందుకంటే తప్పు చేస్తే పోయేది యాప్ ఖాతా కాదు, ఉద్యోగం. అయితే అదే పద్ధతి, కంపెనీ ఈమెయిల్ లేని సెక్యూరిటీ గార్డునూ, హౌస్‌కీపింగ్ ఉద్యోగినినీ, చిన్న దుకాణంలో పనిచేసేవారినీ బయటే నిలబెడుతుంది. తొమ్మిది గంటల డ్యూటీకి రెండు బస్సులు మారి వచ్చేది వారే. మహిళల విషయంలో, మహిళలతోనే ప్రయాణం అన్న ఎంపిక అవసరమైనదే కానీ, సీటు ఇచ్చేవారిలో మహిళలు తక్కువగా ఉంటే ఆ ఎంపిక జత దొరకకుండా చేస్తుంది. తెలంగాణ పోలీసులు 2024లో ప్రారంభించిన టీ-సేఫ్ సేవ, ప్రయాణం మొదలైనప్పటి నుంచి ముగిసేవరకు వాహనం కదలికలను గమనిస్తుంది. అది యాప్ కంపెనీ ఇచ్చే హామీ మీద ఆధారపడదు కనుక దానికి విలువ ఎక్కువ. ఇంకో చిన్న జాగ్రత్త కూడా పనికొస్తుంది. ఇంటి గేటు ముందు కాకుండా ప్రధాన రోడ్డు మీది బస్టాప్ దగ్గర ఎక్కితే, మనం ఏ ఇంట్లో ఉంటామో, ఏ గంటకు ఇల్లు ఖాళీ అవుతుందో ఎదుటివారికి తెలియదు. యాప్ కంపెనీకి మాత్రం అవన్నీ తెలుస్తాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మన సమాచారాన్ని తొలగించమని కోరే హక్కును గుర్తించింది కనుక, వాడటం మానేసినప్పుడు ఫోన్‌లోంచి యాప్‌ను తీసేయడంతో సరిపెట్టకుండా ఖాతాను కూడా రద్దు చేయించుకోవాలి.

చట్టం స్పష్టమయ్యేదాకా రోజూ ఇలా ప్రయాణించేవారు చేయగలిగినది కొంత ఉంది. సీటు ఇచ్చేవారు ఆఫీసుకు వెళ్లి వచ్చే రెండు ప్రయాణాలకు మించి యాప్‌లో పెట్టకుండా, పెట్రోలు, టోల్, తరుగుదల కలిపి వేసిన లెక్కలో తమ వాటాను తామూ భరిస్తూ, థర్డ్ పార్టీతో ఆగకుండా సమగ్ర పాలసీ తీసుకుని, ఖర్చు పంచుకునే పూలింగ్‌ను పాలసీ అంగీకరిస్తుందా అని బీమా కంపెనీని రాతపూర్వకంగా అడిగి జవాబును దాచుకోవాలి. ఎక్కేవారు కారు నంబరును రవాణా శాఖ వారి ఎంపరివాహన్ యాప్‌లో నమోదు చేసి, బీమా ఏ తేదీ దాకా ఉందో, ఫిట్‌నెస్ ఏ తేదీ దాకా ఉందో చూసుకోవడానికి ఒక్క నిమిషం చాలు. ఆ పాలసీ ఏ రకానిదన్నది మాత్రం కారులో కూర్చున్నాక, సీటు బెల్టు పెట్టుకుంటూ, యజమానినే అడిగి తెలుసుకోవాలి.